అరవై ఇరుసులు

"ఆపకే. ఇంకొక్క సుట్టు," అన్నాడు అనంతయ్య, ఉలి మీది నుంచి కళ్ళు తీయకుండానే.

ఆ ఇంకొక్క చుట్టుకు ఏనాడైనా అంతుందా? కిష్టమ్మ ఇటిక్యాల నుంచి వనపర్తికి కాపురానికొచ్చి మూడేళ్ళు. ఈ మూడేళ్ళలో ఆ మాట వినకుండా ఒక్క పొద్దూ గుంకలేదు. బజారు వెనక సందులో రేకుల కొట్టం, కొట్టంలో ఒక మూల మనిషెత్తు కర్రచక్రం, దానికొక పిడి. ఆ పిడి పట్టుకొని పొద్దున లేచింది మొదలు ఆమె తిప్పాలి. చక్రం మీది తోలుపట్టా అవతలి మూలనున్న ఖరాదు మిషన్‌ను తిప్పుతుంది. ఖరాదులో బిగించిన ఇనుపకడ్డీ గిర్రున తిరుగుతుంటే అనంతయ్య దానికి ఉలి ఆనించి నున్నగా చెక్కుతాడు. వచ్చినవాళ్ళు చూసేది ఆ ఉలిని. చుట్టలు చుట్టుకుంటూ రాలే ఇనుప పొట్టును చూసి, "అబ్బ, ఏం చెయ్యి మేస్త్రీ నీది!" అని నోరు తెరుస్తారు. ఇనుము దానంతట అదే తిరుగుతోందా, ఎవరైనా తిప్పుతున్నారా అని ఇంతవరకు ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. అడగడానికేముంది, చక్రం వెనక ఉన్నది ఇంటామె.

పెళ్ళిమాటలప్పుడు అనంతయ్య తల్లి జోగులమ్మ ఎంత ముద్దుగా చెప్పిందో! "మాకు కార్ఖాన ఉన్నది, మిషిను ఉన్నది. మీ పిల్ల ఎండల పడి కలుపు తీసేది లేదు. నీడ పట్టున ఉంటది," అన్నది. మాట తప్పలేదు మహాతల్లి. కిష్టమ్మ నీడపట్టునే ఉంది. కాపురానికొచ్చిన నాలుగో రోజున, అప్పటిదాకా కూలికి చక్రం తిప్పుతున్న యూసుఫ్‌ను వాకిట్లోనే నిలబెట్టి, "ఇగ రేపటి సంది రాకు బిడ్డా, మాకు కోడలొచ్చింది," అని కూడా ఆమే చెప్పింది. కిష్టమ్మ పసుపుకాళ్ళతో గడప లోపల నిలబడి ఆ మాట విన్నది. అప్పుడు దాని అర్థం తెలియక నవ్వింది కూడా.

ఇప్పుడు తిప్పుతున్నది పాన్‌గల్ రైతు కురుమూర్తి ఇరుసు కోసం. అదీ రెండోసారి. ఆయన గడప పక్క రాతి మీద కూర్చొని చుట్ట కాలుస్తూ, పనయ్యేదాకా కదిలేది లేదన్నట్టు చూస్తున్నాడు.

ఆ మెట్ట ఊళ్ళలో బావులకు మోటలే దిక్కు. ఎద్దులు లాగుతుంటే మోకు గిలక మీదుగా జారి నీళ్ళు పైకొస్తాయి. గిలక నడుమ ఇరుసు. కర్ర ఇరుసైతే మూణ్ణెల్లకే అరిగి కిర్రుమంటుంది. ఖరాదు పట్టిన ఇనుప ఇరుసైతే ఏళ్ళకేళ్ళు నడుస్తుంది. అందుకని రైతులు పాత బండి ఇనుమో, విరిగిన గడ్డపారో సంపాదించి అనంతయ్య దగ్గరకు తెస్తారు. ఇనుము రైతుది, పని మేస్త్రిది. చిక్కంతా కొలతతోనే. ఒక్కో గిలకను వడ్రంగం చేసే ఒక్కో వడ్లాయన తన వేళ్ళ లెక్కన చేస్తాడు గనక ఏ రెండు గిలకల బెజ్జాలూ ఒక్కతీరుగా ఉండవు. రైతు ఏం చేస్తాడంటే, చేలోంచి బెజ్జంలో సరిగ్గా పట్టే పచ్చి జొన్నదంటును వెతికి విరిచి, తలగుడ్డలో దోపుకొని బయలుదేరతాడు. ఎండలో కోసుల దూరం నడిచి, దారిలో చుట్టాల ఇంట్లో ఒక రాత్రి పడుకొని, వనపర్తి చేరేసరికి పచ్చిదంటు కాస్తా వడిలి సన్నబడుతుంది. అనంతయ్య ఆ వడిలిన దంటుకు వెంట్రుకవాసి తేడా రాకుండా ఇరుసు చెక్కి ఇస్తాడు. అది పోయి గిలకలో లొడలొడలాడుతుంది.

"డబ్బల గులకరాయి తీరుగ మోగుతుంది మేస్త్రీ. ఎద్దులు బెదురుతున్నయి," అని కురుమూర్తి పొద్దున్నే వచ్చి ఇరుసును గడపలో ధన్‌మని పడేశాడు.

"నువ్వు తెచ్చిన కొలతనే గద నేను చేసింది!"

"కొలతకేం, నా కొలత మంచిగనే ఉండె. నీ ఇరుసే సన్నమొచ్చింది."

కాసేపు అరుచుకున్నారు. చివరికి అనంతయ్యే మెత్తబడి, "సరే తియ్యి, నష్టపోయిన్ననుకోవద్దు నువ్వు. ఇనుము తెచ్చినవు గద, ఈసారి పని ఉత్తగనే చేసిస్త," అన్నాడు పెద్దమనిషిలాగా.

ఉత్తగనే! కిష్టమ్మకు ఒళ్ళు మండింది. ఉత్తగనే చేసేది ఎవరు? నిలబడి ఉలి ఆనించేవాడా, చక్రంతో పెనుగులాడేదా? ఒక్క ఇరుసు చెక్కాలంటే ముందు మిషన్‌లో ఉన్న పాత పని విప్పాలి. ఉలి నూరాలి, ఆ సానరాయి తిరిగేదీ ఈ చక్రం మీదే. కడ్డీ బిగించి, వంకర ఉందా అని తిప్పి చూడాలి. ఆపి, సుత్తితో తట్టి, మళ్ళీ తిప్పాలి. ఉలి ఎంత లోతు దిగాలో చూడటానికి ఒకసారి గీకాలి, కొలవాలి, మళ్ళీ గీకాలి. ఈ సరిచూసుకోవడంతోనే పూట గడిచిపోతుంది. అసలు చెక్కుడంటారా, అన్నం పొంగు వచ్చేంత సేపు. ఎవరైనా రైతు "గింత ముక్కకు రూపాయి పావలానా?" అని బుగ్గలు నొక్కుకుంటే అనంతయ్య జవాబు ఎప్పుడూ ఒకటే. "ఒక్కటి చేస్తే ఖర్సు ఎక్కువే అయితది అన్నా. నీ ఒక్కదాని కోసం మిషినంత విప్పి కట్టాలె. అదే పది తెచ్చినవనుకో, కట్టుడు ఒక్కసారే గద." ఆ మాటలు కిష్టమ్మకు కంఠతా వచ్చు. ఆ విప్పుడూ కట్టుడూ ఎంత బరువో మాత్రం అతనికి తెలియదు. అది ఆమె భుజాలకు తెలుసు.

ఇంట్లోనూ ఇదే తంతు. పొయ్యి రాజేసి ఒక్క రొట్టె చేసినా, ఇరవై చేసినా పొగ అంతే, ఊదుడు అంతే, పెనం కాగే సేపు అంతే. అయినా అత్తకు పొద్దెక్కక ముందే వేడిరొట్టె పడాలి. అనంతయ్యకు జాము పొద్దెక్కినాక పడాలి. బేరానికి పెద్దమనిషి ఎవరైనా వస్తే ఆయనకు ఇంకో వేళ. చల్లారిన రొట్టె ముందు పెడితే, "ఇంట్ల ఆడమనిషి లేదా ఏంది?" అంటారు. రోజుకు నాలుగుసార్లు పొయ్యి, నాలుగుసార్లు మిషన్. ఎందుకు నాలుగుసార్లు అని అడిగే అవసరం వాళ్ళకెందుకొస్తుంది? రాజేసినందుకు గాని తిప్పినందుకు గాని వాళ్ళు ఎవరికీ ఏమీ ఇచ్చుకోవడం లేదాయె.

ఈ సంగతిలో ఆమె కళ్ళు తెరిపించింది యూసుఫే. పీర్ల పండుగనాడు బజారులో మూట మోసుకుంటూ ఎదురుపడి, "బాగున్నవా అక్కా? చక్రం ఎట్లున్నది?" అని పలకరించాడు. ఊర్లో ఆ చక్రం గురించి అడిగిన మనిషి అతనొక్కడే. "దినానికి నాలుగు తీర్ల పని అన్నా, చెయ్యి పడిపోతుంది," అంటే ఆశ్చర్యపోయాడు. "నాలుగు తీర్లా? నేనున్నప్పుడు గట్ల లేకుండె. గానుగ సీలలన్ని సోమారం, బండి పనులన్ని మంగళారం. ఒక్కతీరు పనులు జమైనంకనే కట్టెటోడు మేస్త్రి. మాటిమాటికి విప్పితే నా కూలి దండగ అని."

మూట సర్దుకొని అతను వెళ్ళిపోయాడు. కిష్టమ్మ చేతిలో కూరగాయల బుట్టతో బజారు నడుమ అట్లాగే నిలబడిపోయింది. అదన్నమాట. యూసుఫ్ చేతికి ధర ఉంది గనక ఆ చెయ్యి వృథాగా తిరగకుండా మొగుడు జాగ్రత్తపడ్డాడు. తన చేతికి ధర లేదు గనక ఎవరేది తెచ్చినా వద్దనడు, ఎన్నిసార్లయినా విప్పుతాడు, ఎన్నిసార్లయినా కడతాడు. ఆమె ఉచితం కాబట్టే ఆమెకు అంత చాకిరీ. అనంతయ్య చెడ్డవాడని కాదు, తాగడు, చెయ్యి ఎత్తడు. నీళ్ళు ఉత్తగా వచ్చే చోట ఎవరు మాత్రం చెంబుతో కొలిచి వాడతారు?

పోయిన ఏడు ఆషాఢంలో కిష్టమ్మకు మూడో నెల. అత్తకు చెప్పుకుంది. "గింతదానికేనా? తిప్పితే కడుపు గట్టిపడ్తది. నేను తొమ్మిదో నెల దాక మీ మామకు కొలిమి తిత్తి గుంజిన. ఏడుగురిని కన్న," అన్నది జోగులమ్మ. ఆ ఏడుగురిలో దక్కింది అనంతయ్య ఒక్కడే. మిగిలిన ఆరుగురి పేర్లు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు, వాళ్ళకు పేర్లు పెట్టారో లేదో కూడా కిష్టమ్మకు తెలియదు. ఏడు అనేటప్పుడు మాత్రం ముసలామె గొంతు కంచులా మోగుతుంది.

ఆనాడు ఖరాదు మీద ఉన్నది గానుగ సీల. ఒక్కటంటే ఒక్క సీల. మూడుసార్లు బిగించి మూడుసార్లు విప్పాడు. నడుములో ఏదో పుటుక్కుమన్నట్టయి ఆమె పిడి వదలబోయింది. "ఆపకే, ఇంకొక్క సుట్టు, అంచుకొచ్చింది," అన్నాడు. తిప్పింది. సగం చుట్టులోనే కళ్ళు బైర్లు కమ్మి చక్రం మీదికి ఒరిగిపోయింది. చక్రం ఆగిన కుదుపుకు ఉలి జారి సీల గీరుకుపోయింది. అనంతయ్య నోట ముందుగా వచ్చిన మాట, "అయ్యో, ఇనుము ఖరాబాయె." తల తిప్పి చూశాక వేరే మాటలు వచ్చాయి. మంత్రసాని కోసం పరుగెత్తాడు, రెండు రోజులు సరిగా ముద్ద మింగలేదు, అవన్నీ నిజమే. కాని ఆ మొదటి మాట కిష్టమ్మ చెవిలో ముల్లులా విరిగి ఉండిపోయింది. ఎన్నిసార్లు తీద్దామన్నా రాదు. కడుపు పోయింది ఏ చుట్టుకు? చివరి చుట్టుకా? దానికి ముందటి దానికా? అతను ఆపకే అన్నప్పుడు తను ఆపి ఉంటే? చక్రం తిప్పినంతసేపూ మనసు కూడా అక్కడక్కడే తిరుగుతుంది, పిచ్చెత్తినట్టు.

ఇప్పుడు మళ్ళీ రెండో నెల పడింది. ఈసారి ఎవరికీ చెప్పలేదు. చెప్పితే వినబోయే మాటలు ఆమెకు ముందే తెలుసు. మూడో నెల వచ్చేలోపు ఈ పిడి ఇంకొకరి చేతిలో ఉండాలి. ఆమెకు కావలసింది అదొక్కటే. గద్వాల చీర అడగలేదు, మెడలోకి గొలుసు అడగలేదు.

పది రోజుల కింద ధైర్యం చేసి కదిపి చూసింది. "ఇగో, యూసుఫన్నను మల్ల పెట్టుకుంటే ఏమైతది?"

అనంతయ్య కోప్పడలేదు. వివరంగా లెక్క చెప్పాడు. "యూసుఫ్‌కు దినం కూలి ఎనిమిదణాలు. ఒక్కొక్కటి చేస్తే దినానికి రెండిరుసులు దిగుతయి. అంటే ఇరుసుకు నాలుగణాలు చక్రానికే పాయె. నాకేం మిగులుతది? పని జర ఎక్కువ రానీ, సూద్దాం."

పని ఎక్కువ రానీ! ఆ మాటను ఆమె కొంగున ముడేసుకుంది.

మధ్యాహ్నం ఇరుసు సగంలో ఉండగా అనంతయ్య రొట్టె తినడానికి లోపలికి పోయాడు. కిష్టమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి కురుమూర్తికిచ్చి, గడపవైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"అన్నా, ఒక మాట అడుగుత. గిలక బెజ్జానికి తగ్గ ఇరుసు మేం చేసుడెందుకు? మా ఇరుసుకు తగ్గ బెజ్జం మీరు చేసుకుంటే కాదా?"

"బెజ్జం మేమెట్ల చేస్తం చెల్లె?"

"మీ ఊరి వడ్లాయన నాగలికి బెజ్జం ఎట్ల చేస్తడు? సలాక ఎర్రగ కాల్చి గుచ్చడా? గిలకకు గూడ గట్లనే. మీ ఊర్ల ఉన్న బెజ్జాలన్నిటికంటె జర లావుగ ఒక్క కొలత పెట్టుకుందాం. గంతే లావు సలాక ఒకటి మీకిస్తం. దాన్ని కాల్చి బెజ్జం సాపు చేసుకుంటే ఏ గిలకకైన మా ఇరుసు పడ్తది. దంటు తెచ్చేది లేదు, అది వడిలేది లేదు."

కురుమూర్తి చుట్ట నోట్లోంచి తీశాడు. "అంటే ఊరి గిలకలన్నిటికి ఒక్కటే కొలత?"

"ఒక్కటే. మిషిను ఒక్కసారి కట్టుకుంటే దినానికి పది దిగుతయి. ఊరంత కలిసి ఒక్కసారి తెస్తే ధర సగానికి సగం తగ్గుతది."

"మేస్త్రి ఒప్పుకుంటడా?"

"నేను చెప్పిన్ననకుండ్రి. మీరే ఆలోచన చేసినమని చెప్పున్రి. ఒప్పుకుంటడు," అన్నది కిష్టమ్మ. తన తలలో పుట్టిన మాట చెల్లుబాటు కావాలంటే ఇంకొకరి నోట్లోంచి రావాలని మూడేళ్ళ కాపురంలో ఆమె బాగానే నేర్చుకుంది.

ఆ సాయంత్రం కురుమూర్తి చెప్పాడు, అనంతయ్య విన్నాడు. తెల్లారేసరికి అది అనంతయ్య ఆలోచన అయిపోయింది. నాలుగో రోజుకల్లా బజారులో, "నేనొక ఉపాయం చేసిన," అని చెప్పుకుంటున్నాడు. కిష్టమ్మకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. పోనీ, పేరు ఆయనే పెట్టుకోనీ, పిడి వదిలితే చాలు అని సర్దిచెప్పుకుంది. వారం గడిచింది, పది రోజులు గడిచాయి. పాన్‌గల్ నుంచి ఉలుకూ పలుకూ లేదు. పొద్దున లేస్తూనే ఆమె చూపు సందు మొదట్లోకి పోయేది. ఏ బండి చప్పుడైనా తల తిప్పి చూసేది. ఈలోగా ఉప్పునుంతల వాళ్ళవి రెండు సీలలు, ఇంకెవరిదో బండి ఇరుసు, విప్పుడు, కట్టుడు. ప్రతి కుదుపుకూ ఆమె ఊపిరి బిగబట్టి లోపలికి చెవి పెట్టేది. ఏమీ కాలేదు కదా? ఏమీ కాలేదు. ఇంకొక్క సుట్టు. ఏమీ కాలేదు కదా?

ఇరవై రోజులకు కబురొచ్చింది. పాన్‌గల్‌లోనూ, చుట్టుపట్లా కలిపి అరవై గిలకలట. దేశాల నడుమ లడాయి నడుస్తున్న ఆ రోజుల్లో ఇనుము దొరకడమే గగనమైనా ఊరంతా పాత ఇనుము గాలించి, ఊరి కమ్మరితో కడ్డీలు సాగదీయించి రేపు బండి మీద తెస్తున్నారట.

ఆ సాయంత్రం కిష్టమ్మ కలిపిన పిండి రెండుసార్లు పలచనైంది. అనంతయ్య ముందు రొట్టె పెట్టి, "ఇగ యూసుఫన్నను పిలుస్తవు గద?" అన్నది.

"ఎందుకే?" నిజంగానే అర్థం కానట్టు చూశాడు.

"పని ఎక్కువొస్తే సూద్దామంటివి."

"పిచ్చిదానా," అని నవ్వాడు అనంతయ్య, ప్రేమగానే. "పని ఎక్కువొచ్చిందని మనిషినెందుకు? మాటిమాటికి విప్పుడు కట్టుడు లేదు ఇగ. ఒక్కసారి కట్టినంక నువ్వు తిప్పుకుంట పోవుడే. నీకు ఇంకింత అల్క, సులువైతది."

తక్కువొచ్చినప్పుడు కూలి గిట్టదు. ఎక్కువొచ్చినప్పుడు మనిషి అవసరం లేదు. ఎటు తిప్పినా పిడి వచ్చి తన చేతిలోనే ఆగుతోంది. గిన్నెలు తోముతూ వేళ్ళ మీద లెక్క వేసుకుంది. దినానికి పది చొప్పున ఆరు దినాల పని. యూసుఫ్‌కు ఆరు దినాల కూలి మూడు రూపాయలు. దాన్ని అరవై ఇరుసులకు పంచితే ఒక్కోదానికి పూర్తిగా అణా కూడా పడదు. ఒకసారి కాదు, మూడుసార్లు వేసి చూసింది. అణా కూడా పడదు. నాలుగణాలప్పుడు భారమన్నాడు, సరే. ఇప్పుడు అణాకు లోపే. తన నడుము, తన భుజాలు, తన కడుపులో ఉన్నదీ, అన్నీ కలిపి ఇరుసుకు అణా చెయ్యవా? చేతిలో గిన్నె జారి రాతి మీద పడింది. "సొట్టపడ్డదా?" అని లోపలి నుంచి అత్త కేకేసింది.

తెల్లవారగానే కిష్టమ్మ బిందె తీసుకొని నీళ్ళకు పోయింది. ఆ పొద్దు నీళ్ళకు కొంచెం ఆలస్యమైంది.

జాము పొద్దెక్కేసరికి పాన్‌గల్ బండి సందు మొదట్లో ఆగింది. కురుమూర్తితో మరో ముగ్గురు రైతులు దిగారు. అనంతయ్య వాళ్ళను కొట్టంలోకి తీసుకొచ్చి, చాప వేసి, మిషన్‌ను గుర్రాన్ని నిమిరినట్టు నిమిరాడు. బేరం మొదలైంది. పది అణాలన్నాడు. వాళ్ళు ఆరన్నారు. అనంతయ్య గుండె మీద చెయ్యేసుకున్నాడు. వాళ్ళు లేచి మళ్ళీ కూర్చున్నారు. చివరికి ఎనిమిది దగ్గర కుదిరింది.

"ఒక్కటి చేస్తే రూపాయి పావలా. అరవైకి ఎనిమిదణాలు. సగం కంటె తక్కువ!" అన్నాడు అనంతయ్య ఉత్సాహంగా. "కొలత ఒక్కటి పెట్టాలని నేనే ఉపాయం చేసిన. ఇంకోటి, నాకు చక్రం కూలి గూడ లేదు. ఇంట్ల మనిషే తిప్పుతది. అందుకే ఇంత అగ్గువ. వేరే యాడ పోయినా మీకు ఈ ధర రాదు."

కురుమూర్తి ఒకసారి చక్రం వైపు చూసి కళ్ళు దించుకున్నాడు.

"ఏమే, తిప్పు. పెద్దమనుషులకు ఒకటి చెక్కి సూపెడ్త."

కిష్టమ్మ చక్రం దగ్గరే నిలబడి ఉంది. చెయ్యి పిడి దాకా పోయింది. మూడేళ్ళ అలవాటు, ఊరికే పోతుందా? పిడి చల్లగా తగిలింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకొని కొంగుకు తుడుచుకుంది.

"తొమ్మిదణాలు," అన్నది.

కొట్టంలో అందరూ ఆమె వైపు తిరిగారు.

"తొమ్మిదణాలు, కురుమూర్తన్నా. ఎనిమిది మేస్త్రివి. అణా చక్రం తిప్పేటాయనది. ఇప్పటి లెక్కల అది కలపలే."

అనంతయ్య పెద్దగా నవ్వాడు. "దాని మాటకేంది అన్నా, దానికేం తెల్వదు. మాటంటే మాటే, ఎనిమిదే."

ఒక రైతు మూతి ముడిచాడు. "ఏం తల్లీ, బేరం తెగినంక మల్ల పెంచుడు ధర్మమా?"

కిష్టమ్మ ఆ రైతు వైపు తిరిగింది. "మోట ఖర్సు చెప్పమంటే, ఎద్దుల దాణా వదిలిపెట్టి చెప్తరా అన్నా మీరు?"

పక్కనున్నవాడు ఫక్కున నవ్వాడు. కురుమూర్తి మాత్రం నవ్వలేదు. "చెల్లె చెప్పేది ఖరానే. ఎద్దుకైన దాణా పెట్టాలె గద. ఒక్కటి చేయించుకున్ననాడు రూపాయి పావలా ఇస్తిమి, ఇయ్యాల తొమ్మిదికి మనకేం లుక్సాను? ఇంక ఆ కొలత ఉపాయం ఎవరిదో గూడ నాకెరుకే," అని లేచాడు. "తొమ్మిదే కానీ మేస్త్రీ. పట్టున్రి, ఇనుము దింపుదాం."

వాళ్ళు బండి దగ్గరికి కదలగానే అనంతయ్య ఆమె మీదికి వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. చప్పుడు విని జోగులమ్మ కూడా లోపలి నుంచి వచ్చి తలుపు పట్టుకొని నిలబడింది.

"నలుగురిల నా ఇజ్జత్ తీసినవు. ఎవరే నీకు చక్రం మనిషి? ఎవరిని అడిగి చెప్పినవు?"

"పొద్దుగాల నీళ్ళకు పోయి యూసుఫన్నకు చెప్పొచ్చిన. రేపటి సంది వస్తడు. ఆయన రాని దినం ఇరుసు లేదు. నేను ఇగ పిడి పట్ట."

"అణా కోసమా ఇంత రాద్ధాంతం?"

"ఏం పుట్టిందే నీకు?" అని అందుకుంది జోగులమ్మ. "మేం చెయ్యలేదా? నేను తొమ్మిదో నెల దాక తిత్తి గుంజిన. ఏడుగురిని..."

అక్కడ ఆగింది. కోడలి చెయ్యి కొంగు కింద ఎక్కడుందో ముసలామె కంటపడింది. తలుపు మీది పట్టు జారి, మెల్లగా గడప మీద కూలబడింది.

అనంతయ్య తల్లిని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. అతనికి ఇంకా అర్థం కాలేదు. బయట బండి మీంచి ఇనుపకడ్డీలు ఒక్కొక్కటే దిగుతున్న చప్పుడు.

"నాకు ఏడుగురు వద్దు," అన్నది కిష్టమ్మ, ఇద్దరికీ వినబడేటట్టు. "నాకు ఈ ఒక్కటే దక్కాలె. ఒక్కటి చేస్తే ఖర్సు ఎక్కువే అయితది. నువ్వే చెప్తవు గద."